మంత్రి గారూ, ఆ 21,000 లెక్క ఒక్కసారి చూడండి

మహారాష్ట్ర సామాజిక న్యాయ, ప్రత్యేక సహాయ శాఖ మంత్రి గారికి,

గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి నమస్కారం సార్.

మా మేనత్తకు పోయినేడు 65 నిండాయి. అంతవరకు ఆడవాళ్ళకు ప్రభుత్వం నెలనెలా సాయమిచ్చే లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 వచ్చేవి, దానికి ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే చాలు. వయసు దాటగానే అవి ఆగిపోయాయి, సరే పేద ముసలివాళ్ళకిచ్చే శ్రావణ్ బాళ్ పెన్షన్‌కు పెడదామని కాగితాలు పట్టుకుని వెళ్ళాం. అదీ 1,500 రూపాయలే. కానీ దీనికి ఆదాయం 21,000 దాటకూడదు. నెలకు కాదు సార్, ఏడాదికి, ఇంటి మొత్తానికి. అంటే నెలకు 1,750.

64 ఏళ్ళప్పుడు పేదరాలైన మనిషి 66కి ఉన్నవాళ్ళలో ఎట్లా కలిసింది?

మీ ప్రభుత్వ లెక్కే తీసుకోండి. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 312. ఇంట్లో ఒక్కరు 68 రోజులు మట్టి పనికి పోతే 21,000 దాటిపోతుంది, ఇక ఆ ఇంటి ముసలివాళ్ళకు పెన్షన్ లేదు.

అత్త కొడుకు ఏటా గోదావరి దాటి తెలంగాణకు మిరపకాయలు ఏరడానికి పోతాడు. కూలి కింద కొంత డబ్బిస్తారు, కొంత మిర్చి ఇస్తారు. విచారణకు వచ్చినాయన అడిగితే అత్త ఏదీ దాచలేదు, వాకిట్లో చాప మీద ఎండుతున్న మిర్చి చూపించి "ఇది కూడా మా పిలగాని కూలే సారూ" అంది. ఆయన రాసుకున్నాడు. ఆయన్ని అనను, రూల్ అట్లుంటే ఆయనేం చేస్తాడు. తక్కువ చెప్పమని ముందే నేర్పాల్సిందని ఆ రాత్రి నాకనిపించింది, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి అబద్ధం నేర్పే ఆలోచన వచ్చిందే అని ఇప్పటికీ బాధగా ఉంది.

వికలాంగులకు, దిక్కులేనివాళ్ళకు సాయమిచ్చే సంజయ్ గాంధీ నిరాధార్ పథకంలో వికలాంగుల ఆదాయ పరిమితి ఏడాదికి 50,000 ఉంది, సాయం కూడా 2,500కు పెంచారు, సంతోషం. కానీ అదీ నెలకు నాలుగు వేల చిల్లర ఆదాయమే కదా సార్, మందులకు, గడ్చిరోలి ఆస్పత్రికి పోయివచ్చే ఛార్జీలకే ఎంతవుతుందో ఒక్కసారి లెక్కేయండి. రెండు వందల కిలోమీటర్ల దారి అది.

లాడ్కీ బహీణ్‌కు పెట్టిన రెండున్నర లక్షలే ముసలివాళ్ళకూ, వికలాంగులకూ పెట్టండి. మా దగ్గర తెలుగు మాట్లాడతాం సార్, ఫారం మరాఠీతో పాటు తెలుగులో కూడా ఇప్పించండి, అత్త వేలిముద్ర వేసే ముందు అందులో ఏం రాసుందో ఎవరైనా ఆమెకు చదివి వినిపించగలగాలి.