రేసు కారు కొన్నారా? మొదట వెనక ఇరుసు విప్పించండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో పాత కార్లను ముస్తాబు చేసి రోడ్డెక్కిస్తున్న కుర్రాళ్ల గురించి రాశారు. చదివి సంతోషించాను. ఇంజిన్, రంగు, సీట్లు అన్నీ వివరంగా ఉన్నాయి. వెనక ఇరుసు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రేసుల్లో తిరిగిన కారు కొన్నవాళ్లు అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది దాన్నే. మా ఇంట్లో జరిగింది చెబితే ఎందుకో మీకే తెలుస్తుంది.

మూడేళ్ల కిందట మా మేనల్లుడు చెన్నై నుంచి 1966 నాటి ఫియట్ 1100 తెచ్చాడు. చెన్నై దగ్గరి షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద జరిగిన పోటీల్లో అది పరిగెత్తిందట. అమ్మినాయన ఆ సంగతి గొప్పగా చెప్పాడు గాని, లోపల ఏం మార్చారో చెప్పలేదు. విజయనగరం వచ్చాక సందు తిరిగినప్పుడల్లా వెనక టైర్లు కీచుమనేవి. కొత్త టైర్లు వేయిస్తే నాలుగు నెలలకే నున్నగా అరిగిపోయాయి. అలైన్‌మెంట్ తేడా కాబోలు అనుకున్నాం.

సిరిమానోత్సవానికి ముందు వారం. వాన అప్పుడే తెరిపిచ్చింది. గంటస్తంభం దగ్గర మలుపులో వాడు స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. తిన్నగా పోయి మూసి ఉన్న ఒక కొట్టు మెట్లకు గుద్దుకుంది. ఆ మెట్ల మీద రోజూ ఒక పెద్దావిడ పూలబుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. వాన వల్ల ఆ పూట రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మర్నాడు దాసన్నపేట మేస్త్రీ వెనక ఇరుసు మధ్య గేర్లుండే ఇనుప గుల్ల, అంటే హౌసింగ్, విప్పి నన్ను పిలిచాడు. "లోపలంతా వెల్డింగ్ కొట్టీసినారు మాస్టారూ. రెండు చక్రాలూ ఒక్క ముక్కే" అన్నాడు. టార్చి వేసి చూస్తే, మలుపులో వెనక చక్రాలు రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు (స్టార్ పినియన్లు), పక్క గేర్లు అన్నీ కలిపి అతికేసి ఉన్నాయి. కుడి చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే యాక్సిల్ షాఫ్ట్, బయటికి లాగాడు. దాని చివర తిన్నగా ఉండాల్సిన పళ్లు తాడు పేనినట్టు మెలి తిరిగి ఉన్నాయి. వేలితో తడిమి చూశాను. ఇంకొన్నాళ్లు తిప్పితే విరిగేదే.

ఎడ్లబండి మలుపు తిరగడం మనందరం చూసిందే. ఇరుసు మీద దేని చక్రం దానిదే కాబట్టి బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ తిరుగుతుంది. కారులో వెనక చక్రాలు రెంటికీ ఇంజిన్ బలం అందాలి, మలుపులో దేని వేగం దానికి ఉండాలి. ఆ పని చేసేదే డిఫరెన్షియల్. ఈ ఫియట్‌లో వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.2 మీటర్లు. 90 డిగ్రీల మలుపులో బయటి చక్రం లోపలి దానికన్నా 1.9 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు పెద్దదైనా, ఇరుకైనా ఆ తేడా మారదు. గేర్లు అతికేస్తే ఆ 1.9 మీటర్లూ టైరు రోడ్డు మీద రాసుకుంటూ ఈడ్చుకుపోవాల్సిందే, లేదా షాఫ్ట్ మెలి తిరగాల్సిందే. తడి రోడ్డు మీదైతే ఆ రెండు చక్రాలూ కలిసి బండిని తిన్నగానే తోసేస్తాయి.

రేసర్లు తెలియక చేసిన పని కాదిది. వేగంగా మలుపు తిరిగితే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఉంటే ఆ చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది, బండికి ఊపు అందదు. విదేశీ సామాన్లు దొరకని ఆ రోజుల్లో వెల్డింగే వాళ్లకు చవకైన ఉపాయం. ట్రాక్ మీద అది సరే. మా ఊరి మూడు లాంతర్ల కూడలిలో ఆటోలు, సైకిళ్ల మధ్య అది పనికిరాదు.

వెల్డింగ్ గీకించి మళ్లీ వాడుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. మేస్త్రీ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఆ వేడికి గేర్ల గట్టిదనం పోయి ఉంటుంది. విశాఖ ఆటోనగర్‌లో నాలుగు వారాలు తిరిగి, పాత ఫియట్‌ది పూర్తి సెట్టు సంపాదించాం. ఇంజిన్ బలాన్ని ఇరుసుకు అందించే గేర్ల జతలో, రేసు కోసం వేసిన చిన్న గేరు పినియన్‌కు 8 పళ్లు, పెద్ద గేరు క్రౌన్‌కు 41. ఇప్పుడు వేసింది 10కి 43. 60 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజిన్ ఇదివరకు నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరిగేది, ఇప్పుడు 2,300. చింతలవలస దాకా వెళ్లొచ్చినా చెవులు గింగురుమనడం లేదు. షాఫ్టులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేశాం. సీళ్ల దగ్గర పిసినారితనం వద్దు, గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి కారితే బ్రేకు పట్టదు. బరువు తగ్గించడానికి పీకేసిన హ్యాండ్‌బ్రేక్ తిరిగి పెట్టించాం. కమాన్ కట్టలకు రబ్బరు బుష్‌లు వేయించాం.

రవాణా శాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. హౌసింగ్ లోపలి వెల్డింగ్ మాత్రం ఏ కాగితంలోనూ కనపడదు. పాత కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు ముందు చక్రాలకు రాళ్లు పెట్టించి, వెనక రెండు చక్రాలూ జాకీ మీద లేపించి, బండిని గేర్‌లో ఉంచి, ఒక చక్రం చేత్తో తిప్పి చూడాలి. రెండోది ఎదురు దిక్కున తిరిగితే డిఫరెన్షియల్ సరిగా ఉన్నట్టే. బిగుసుకుపోయి కదలకపోతే హౌసింగ్ విప్పించి చూడాలి. దీనికి 5 నిమిషాలు చాలు. కొనేవాళ్లు కూడా డబ్బు చేతికిచ్చే ముందు ఈ పని చేయాలి.

మెలి తిరిగిన ఆ షాఫ్ట్ పారేయలేదు. మా వరండాలోనే ఉంది. పాత కారు కొనబోయే పిల్లలు ఏ సాయంత్రం వచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
కంటోన్మెంట్, విజయనగరం