ఇంటర్‌ప్రెటర్‌ ఉంటే సరిపోదు

సంపాదకులకు,

బధిర విద్యార్థులున్న కాలేజీ తరగతిలో సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టగానే పని అయిపోయిందనుకుంటున్నారు. మిగతావాళ్లు బోర్డు చూస్తూనే పాఠం వింటారు. వీళ్లు చూస్తే బోర్డు చూడాలి, లేదంటే ఇంటర్‌ప్రెటర్‌ చేతులు చూడాలి. అందుకే లెక్చరర్‌ ముందు రాయాలి, ఆగాలి, వాళ్లు చదివి తలెత్తాక చెప్పాలి. ఇంటర్‌ప్రెటర్‌ ఎప్పుడూ ఒకటి రెండు మాటలు వెనకే ఉంటారు కనుక, ప్రశ్న వేసిన మరుక్షణం చెయ్యెత్తినవాళ్లనే లేపితే బధిర విద్యార్థి వంతు రానే రాదు.

నేను చెప్పేవి గణితం, ఖగోళశాస్త్రం. బీజగణితంలో చిక్కంతా వాక్యం దగ్గరే. ‘ఒక సంఖ్య కంటే 5 తక్కువ’ అంటే ఎక్స్‌ − 5. ‘ఒక సంఖ్య 5 కంటే తక్కువ’ అంటే ఎక్స్‌ < 5. మాటలు అవే, ‘కంటే’ ఒక్కటి జరిగింది. పోలిక చెప్పే తీరు సంజ్ఞా భాషలో వేరు. కాబట్టి రెండు వాక్యాలూ పక్కపక్కనే రాసి, సంఖ్యారేఖ మీద గీయించాలి: మొదటిదానికి ఎక్స్‌కు 5 ఎడమన ఒక చుక్క, రెండోదానికి 5కు ఎడమ పక్కనున్న రేఖంతా.

ఘాతాలది ఇంకో తలనొప్పి. వేళ్లతో ‘5.2, 3’ అని ఒకే వరసలో చూపితే ఘనం కాస్తా గుణకారమవుతుంది. సూర్యుడికి భూమి దూరం 1 అనుకుంటే బృహస్పతి దూరం 5.2. దూరపు ఘనానికి వర్గమూలం తీస్తే గ్రహం సూర్యుణ్ని ఒకసారి చుట్టే కాలం వస్తుందని కెప్లర్‌ మూడో నియమం. 5.2 ఘనం 140.6, దాని వర్గమూలం 11.86 ఏళ్లు. 3తో గుణించినవాడికి 3.95 ఏళ్లొస్తుంది, తప్పని అనుమానం కూడా రాదు. అదే పద్ధతి భూమికి వేసి చూడమనండి: సంవత్సరం 1.73 ఏళ్లని తేలి వాడే నాలుక కరుచుకుంటాడు. ఘాతం చూపేటప్పుడు చెయ్యి పైకి జరపాలని ఇంటర్‌ప్రెటర్‌తో ముందురోజే అనుకోవాలి.

చంద్రకళలకు చీకటి గది, మధ్యలో సూర్యుడిగా ఒక బల్బు, చేతిలో చంద్రుడిగా తెల్ల బంతి వాడతాం; విద్యార్థి తలే భూమి. చీకటిలో సైగలు కనబడవు, బంతి పట్టుకున్న విద్యార్థి చేతులు కట్టేసినట్టే. వివరణంతా లైటు ఉండగానే ముగించి, ఆర్పి, ఎడమకు ఒక చుట్టు తిప్పించి, మళ్లీ లైటు వేశాకే ప్రశ్నలు అడగాలి. బంతిని తలకంటే కాస్త పైకి పట్టించడం మరవద్దు. లేకుంటే బల్బుకు వీపు పెట్టినప్పుడు తల నీడ బంతి మీద పడి, ‘కళలకు కారణం భూమి నీడే’ అన్న పాత అపోహ స్థిరపడుతుంది. ప్లానెటేరియంలోనైతే ఇంటర్‌ప్రెటర్‌ మీద మసక ఎర్ర దీపం చాలు.

ఈ రెండు సబ్జెక్టులనూ కలపడానికి ఆల్గాల్‌ నక్షత్రం భలే పనికొస్తుంది. అది 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది. ఈ మసకబారడం క్రమం తప్పక జరుగుతుందని 1783లో లెక్కగట్టి చెప్పిన జాన్‌ గూడ్‌రిక్‌ బధిరుడే, అప్పటికి 18 ఏళ్లవాడు. ఒక మసక సమయమిచ్చి, దాని తర్వాత వచ్చే పదోది ఎప్పుడో అడిగితే 28 రోజుల 16 గంటల 10 నిమిషాల తర్వాత అని వస్తుంది. వాటిలో ఏవేవి రాత్రిపూట పడతాయో ఏరమంటే, చలరాశి (ఎక్స్‌లాంటి మారే సంఖ్య) ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

— ఖగోళ, గణిత అధ్యాపకులు