తేదీ కింద గుర్తు లేకపోతే అది కలకత్తా నాణెం, అచ్చుతప్పు కాదు

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాత నాణేల మీద వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. సవరణ వేస్తారేమోనని ఎదురుచూశాను, వేయలేదు. తేదీ కింద ఏ టంకశాల (నాణేలు కొట్టే చోటు) గుర్తూ లేని రూపాయి అచ్చుతప్పు నాణెమని, అది లక్షలు పలుకుతుందని ఆ వ్యాసంలో రాశారు. ఇది పూర్తిగా తప్పు. కలకత్తా టంకశాల మామూలు నాణేల మీద గుర్తు వేయదు. గుర్తు లేదంటే అక్కడ కొట్టిన నాణెమని అర్థం, అంతే. అలాంటివి కోట్లలో ఉన్నాయి.

తేదీ కింద డైమండ్ ఉంటే బొంబాయి, అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఈ మూడు ముక్కలు కూడా ఆ వ్యాసంలో సరిగ్గా లేవు. మన హైదరాబాదు గుర్తు మొదటి నుంచీ నక్షత్రం కాదు. 1953 నుంచి 1960 దాకా నడిమికి చీలిన డైమండ్, ఆ తరువాత 1968 వరకు మధ్యలో చుక్క ఉన్న డైమండ్, నక్షత్రం అటుపైన వచ్చింది. మధ్య చుక్క అరిగిపోతే హైదరాబాదు నాణెం అచ్చం బొంబాయిదిలా కనబడుతుంది. నోయిడా టంకశాల 1988లో మొదలైంది. కనుక అంతకు ముందు తేదీ ఉన్న రూపాయి మీద చుక్క చూసి నోయిడా అనడం కుదరదు. అది సాధారణంగా మూలలు అరిగి గుండ్రబడ్డ బొంబాయి డైమండే. 1985 రూపాయిల్లో కొన్నిటి మీద ‘హెచ్’ ఉంటుంది, కొన్నిటికి డైమండ్ తేదీలోని మొదటి అంకె కింద ఉంటుంది. అవి బ్రిటన్‌లో కొట్టించి తెప్పించినవి. గుర్తు పక్కకు జరిగిందని వాటిని కూడా మీరు తప్పుల్లో చేర్చేశారు!

బ్రిటిషు కాలం నాణేలకు ఇంకా ఓపిక కావాలి. 1862 తేదీ ఉన్న విక్టోరియా రూపాయిని ఆ తేదీ మార్చకుండానే చాలా ఏళ్లు కొట్టారు. అందుకే వాటిలో తేదీని కాదు, చుక్కలెన్ని, ఎక్కడున్నాయి అన్నది చూస్తారు. 1943 నుంచి కొన్నిటి మీద కనిపించే ‘ఎల్’ లాహోరుది.

ఇక అచ్చుతప్పుల సంగతి. ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం మోసాలు ఆగిపోతాయి. డై (నాణెం మీద బొమ్మ వేసే ఉక్కు అచ్చు) మీద పగులు ఉంటే లోహం అందులోకి పాకుతుంది, నాణెం మీద గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. నాణెం బయటికి వచ్చాక పడిన దెబ్బయితే గీత లోపలికి దిగి ఉంటుంది. గోటితో తడిమినా తెలుస్తుంది. దీపాన్ని పక్కవాటుగా పెట్టి, 10 రెట్ల భూతద్దంతో చూస్తే సందేహమే ఉండదు. అంచు దగ్గర డై ముక్కే విరిగిపోతే అక్కడ బొమ్మా అక్షరాలూ లేకుండా ముద్దలా లోహం నిలుస్తుంది. సేకర్తలు నిజంగా వెతికేది ఇలాంటివి.

అక్షరాలు రెండుగా కనబడగానే డబుల్ డై అని రాసేశారు. డైలోనే బొమ్మ రెండుసార్లు పడితే రెండో గీత కూడా మొదటిదాని లాగే గుండ్రంగా, నిండుగా ఉంటుంది, అక్షరం కొసలు చీలి కనబడతాయి, ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట ఉంటుంది. కొట్టే క్షణంలో డై వదులై కదిలితే మాత్రం అక్షరం పక్కన చదునైన మెట్టు ఏర్పడి అసలు అక్షరం సన్నబడుతుంది. ఈ రెండో రకం అడుగడుగునా దొరుకుతుంది, విలువ లేదు. నక్షత్రం కనబడకపోవడానికి కూడా వేరే కారణం ఉంటుంది: డై గుంటలో గ్రీజు, మురికి పేరుకుంటే గుర్తు పడదు. అప్పుడు పక్కనున్న తేదీ అంకెలు కూడా మసకగా ఉంటాయి, నక్షత్రం అంచుల జాడ లీలగా మిగులుతుంది. అంకెలు పదునుగా ఉండి గుర్తు ఒక్కటే లేకపోతే ముందు కలకత్తా అనుకోవాలి. ఎవరైనా గీకేశారా అన్నది తరువాత చూడాలి: గీకితే అక్కడి నేల (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం) మెరుపు మారుతుంది.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం ఫొటో పెద్దదిగా వేశారు. అలాంటివి దాదాపు అన్నీ లేత్ మీద ఒక నాణేన్ని తొలిచి, ఇంకోదాన్ని సానబట్టి అందులో దిగేసినవే. అంచు లోపలి వైపు చుట్టూ వెంట్రుక లాంటి అతుకు కనబడుతుంది, మోగిస్తే శబ్దం మొద్దుగా వస్తుంది. వేరే లోహంలో పడిన రూపాయి అని ఎవరైనా చూపిస్తే అయస్కాంతం, గ్రాములో వందో వంతు చూపే తూకం చాలు. 1992 నుంచి 2010 దాకా వచ్చిన చిన్న స్టీలు రూపాయి 4.85 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోవాలి. వెండి రూపాయి 11.66 గ్రాములు. 1939 రూపాయి అరుదు కనుక చివరి అంకె మార్చినవి, పోత పోసిన నకిలీలు తిరుగుతున్నాయి. పోతలో నేల మీద సూదిగుచ్చినట్టు చిల్లులుంటాయి. పోతే, చింతపండుతో తోమి గుర్తు చూడమన్న సలహా ఎవరిచ్చారో గాని, ఒకసారి తోమితే సహజమైన మెరుపు ఇక తిరిగిరాదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి.

పాత నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. పది రూపాయల నాణెం విషయంలోనూ జరిగింది ఇదే. గీతలు పదా, పదిహేనా, రూపాయి చిహ్నం ఉందా లేదా అని పుకారు లేచింది, దుకాణాల్లో తీసుకోవడం మానేశారు. మొత్తం 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది. చెప్పినా కౌంటర్ల దగ్గర వాదనలు ఆగలేదు. సైఫాబాదులో 1903 నాటి టంకశాల ఉన్న ఊరు మనది, ఈనాటికీ చర్లపల్లిలో నాణేలు కొడుతున్న ఊరు. ఏ గుర్తు ఏ ఊరిదో చెప్పే ఒక్క కాగితం తెలుగులో అచ్చువేసి బ్యాంకు కౌంటర్ల దగ్గర అంటించడానికి అధికారులకు ఎంత ఖర్చవుతుంది? దాన్ని అడగాల్సిన పత్రికలే లక్షల ఆశ చూపిస్తే ఇక జనం ఎవరిని నమ్మాలి?

ఆ వ్యాసం అరపేజీ వేశారు. సవరణ కూడా అదే పేజీలో, అంత చోటులోనే వేయండి. లోపలి పేజీ మూలన రెండు లైన్లు వద్దు.

— నాణేలు సేకరించే ఒక పాఠకుడు, హైదరాబాదు