ముందు ఎవరిని దింపాలో ముందే రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

తుపాను హెచ్చరిక రాగానే ఆసుపత్రిలో డీజిల్ చూసుకుంటారు, ఆక్సిజన్ సిలిండర్లు లెక్కపెట్టుకుంటారు. రోగులందరినీ తరలించాల్సి వస్తే ముందు ఎవరిని దింపాలి, ఆఖరున ఎవరు మిగలాలి అన్నది మాత్రం నేను పనిచేసిన చోట ఏ కాగితం మీదా ఉండేది కాదు. విశాఖపట్నంలో ఐసీయూ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈ లోటు ఎంత ప్రమాదమో తెలిసి రాస్తున్నాను.

2005 ఆగస్టులో కత్రినా తుపానుకు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ కరకట్టలు తెగి నగరం మునిగింది. అక్కడి మెమోరియల్ మెడికల్ సెంటర్‌లో జనరేటర్లు ఉన్నాయి. కానీ కరెంటును వాటి మీదకు మార్చే ముఖ్యమైన స్విచ్చులు నేలకు కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. 31వ తేదీ తెల్లవారకముందే అంతా చీకటైంది. లిఫ్టులు లేవు, భరించలేని ఉక్క. రోగులను మెట్ల మీదుగా మోసుకెళ్లి, గోడకున్న కంతలోంచి అవతలికి అందించి హెలికాప్టర్ల దగ్గరకు చేర్చారు. ఆ వరుస కోసం రోగులకు 1, 2, 3 అని అంకెలు వేశారు. లేచి కూర్చోగలిగినవారికి 1. బాగా విషమించినవారికి 3. గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయవద్దని పత్రం ఉన్నవారికి కూడా 3. వారే ఆఖరు.

తర్వాత ఆ భవనంలో 45 మృతదేహాలు దొరికాయి. కొందరికి మార్ఫిన్ అనే నొప్పి మందు, మిడజొలామ్ అనే మత్తుమందు ఇచ్చి చంపారన్న ఆరోపణపై 2006లో ఒక వైద్యురాలిని, ఇద్దరు నర్సులను అరెస్టు చేశారు. 2007లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఆ వైద్యురాలిపై అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు. ఆ ముగ్గురి మీద నేను తీర్పు చెప్పను. నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ ఇంజెక్షన్ల కంటే ముందు వేసిన ఆ అంకె. గుండె ఆగాక ఛాతీ నొక్కవద్దు అన్న మనిషి, గుండె కొట్టుకుంటున్నంతసేపు మందుకూ మంచినీళ్లకూ స్ట్రెచర్‌కూ అందరితో సమానంగా హక్కుదారే.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా మీద పడినప్పుడు నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. జనరేటర్ మొరాయించింది. వెంటిలేటర్ బ్యాటరీ అయిపోయాక ఊపిరి అందించే అంబు బ్యాగును చేత్తోనే నొక్కాం. చేతులు తిమ్మిరెక్కితే రోగి కొడుక్కే నేర్పించి ఇచ్చాం. అప్పుడు పక్క మంచం తాలూకు అటెండెంటు ఒకరు నా దగ్గరకు వచ్చి, ‘సిస్టర్, ఆ పెద్దాయన ఎలాగూ దక్కడు, మా నాన్నను ముందు దింపండి’ అన్నారు. ఆయనను తప్పుపట్టలేను. కానీ ఆయనకు చూపించడానికి ఆసుపత్రి రాసిపెట్టిన వాక్యం ఒక్కటి కూడా నా చేతిలో లేదు. డ్యూటీ డాక్టరేమో అప్పుడే చదువు ముగించిన కుర్రవాడు.

ఇప్పుడు ఈ అవసరం ఇంకా పెరిగింది. చెప్పలేని స్థితి వస్తే తమకు ఏ వైద్యం వద్దో ముందే రాసుకునే ముందస్తు వైద్య సంకల్ప పత్రాలను సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. గుండెను తిరిగి నడిపే ప్రయత్నం వద్దన్న నిర్ణయాలపై 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలిచ్చింది. మంచి పనే. అయితే వరద వస్తే ఆ సంతకం తమ తల్లిని వరుసలో ఆఖరుకు నెడుతుందని తెలిస్తే ఏ పిల్లలు సంతకం పెడతారు?

అందుకే ప్రతి ఆసుపత్రీ తరలింపు క్రమాన్ని ముందే రాయాలి. గుండెను తిరిగి నడిపే ప్రయత్నం వద్దన్న పత్రం ఉన్నంత మాత్రాన ఎవరినీ వెనక్కి నెట్టకూడదని అందులో స్పష్టంగా ఉండాలి. నిర్ణయం ఒక్క మనిషి నెత్తిన పడకుండా సీనియర్ డాక్టరు, ఇన్‌ఛార్జి సిస్టర్ కలిసి తీసుకోవాలి, పరిస్థితి మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. మత్తుమందు ఇస్తే ఎంత, ఎందుకు, ఏ వేళకు అన్నది టార్చిలైటు వెలుగులోనైనా కేస్‌షీటులో ఎక్కించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇళ్లలోకి వచ్చిందంటే, తీరానికి దూరంగా ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. జిల్లా వైద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ఫైర్ సర్టిఫికెట్‌తో పాటు ఈ కాగితాన్నీ అడగాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత నర్సు, విశాఖపట్నం