కలం పట్టానురా మామా

ఒరేయ్ మామా,

ఫోన్‌లో అయితే సగం కూడా చెప్పలేనని ఉత్తరం రాస్తున్నా. రెండు నెలలుగా ప్రతి ఆదివారం తిరుపతిలో శ్రీకాళహస్తి బస్సెక్కుతున్నాను. దర్శనానికి కాదు, కలంకారీ నేర్చుకోవడానికి.

స్కూల్లో నా సైన్సు రికార్డులో బొమ్మలన్నీ నువ్వే వేసిపెట్టేవాడివి కదా. బొమ్మలు రాని నా ఆ చెయ్యే ఇది, ఏమీ మారలేదు. అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే ఆవిడ కలంకారీ చీర చేతికొచ్చింది. కొంగులో నెమలి మెడ దగ్గర గీత ఒకచోట కాస్త వణికింది. ఎవరో కూర్చుని చేత్తో గీశారని అప్పుడే తట్టిందిరా. అంతే, నేనూ గీయాలనిపించింది.

పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో అలా కాదు, గీతంతా చేతిదే. గురువుగారు మొదట గుడ్డ తయారుచేయడమే నేర్పారు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి అందులో నూలుగుడ్డ ముంచి, పిండి ఎండబెట్టాలి. పాలలో కొవ్వుంటుంది కాబట్టి రంగు పాకదు. నల్లరంగుకేమో ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెట్టాలి.

కలమంటే చివర చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. రంగు ఆ గుడ్డలో నిలుస్తుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలన్నదే అసలు విద్య. నా తొలి గీత మొదట్లో మడుగు కట్టింది, సగంలోనే ఆరిపోయింది. ఇంకో వింత చెప్పనా? కలం నుంచి దిగేటప్పుడు రంగు పలచగా గోధుమరంగులో ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ తగలగానే, మనం చూస్తుండగానే నల్లబడుతుంది. చింతబొగ్గుతో వేసుకున్న గుర్తులు దులిపితే పోతాయి గానీ ఇది పోదు. అందుకే ప్రతి గీతకీ టెన్షన్.

నా పక్కన కూర్చునే అమ్మాయి నెమలి మెడ ఒక్క ఊపులో లాగేస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది, లోపల కొంచెం బాధ కూడా. ఆ ఒడుపు నాకు పుట్టుకతో రాలేదు. అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక పాత పంచె ముక్క మీద యాభై వంపులు గీస్తున్నా. ఇప్పుడు యాభైలో ఆరేడు మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున వస్తున్నాయి. మొన్న గురువుగారు వాటిలో ఒకదాని మీద వేలుపెట్టి, "ఇదీ" అని వెళ్లిపోయారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ గుడ్డ ఎన్నిసార్లు విప్పి చూసుకున్నానో!

సంక్రాంతికి నువ్వొచ్చేసరికి చేతిరుమాలంత నెమలి ఒకటి పూర్తవుతుంది. మెడ దగ్గర గీత వణికే ఉంటుంది. అది నీకే, మామా.

నీ
పాత బెంచీ నేస్తం