నొప్పి ఉందా అని అడిగితే పళ్ల పరీక్ష అయిపోతుందా?

సంపాదకుల వారికి,

మా మనవడికి ఏడేళ్లు. ఈ మధ్య వాడి బడిలో ఆరోగ్య పరీక్షలు జరిగాయి. ఇంటికి పంపిన కాగితంలో ఎత్తు, బరువు, చూపు అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. పళ్ల గడిలో మాత్రం రెండే మాటలు: ‘నొప్పి లేదు’. నోరు తెరిపించి చూశారా అని వాడిని అడిగాను. ‘లేదు అమ్మమ్మా, నొప్పి ఉందా అన్నారు, లేదన్నాను’ అన్నాడు. సాయంత్రం వెలుగులో కూర్చోబెట్టి నేనే చూశాను. కింది దవడలో అన్నిటికంటే వెనకనున్న పన్ను నడిగాడిలో ముదురు మచ్చ కనిపించింది. దంతవైద్యురాలు పరీక్షించి, పుచ్చు లోపలికి దిగడం మొదలైందని చెప్పారు.

బడివాళ్లు అబద్ధం రాయలేదు. వాడికి నిజంగానే నొప్పి లేదు. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది. పంటి పైపొర ఎనామెల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం, కానీ అందులో నరం లేదు, జీవకణం లేదు. అది కరిగిపోతున్నా మనకు కబురు అందదు. పుచ్చు ఆ పొరను దాటి దాని కింది పొర డెంటిన్‌లోకి దిగాకే చల్లటిదో తీపిదో తగిలితే జివ్వుమంటుంది. అంతకుముందు నెలలూ, ఒక్కోసారి ఏళ్లూ, పన్ను మౌనంగానే పాడవుతూ ఉంటుంది. అలాంటప్పుడు నొప్పి గురించి అడిగి పరీక్ష ముగించడమంటే, పొగ వచ్చేదాకా పొయ్యి వైపు చూడకపోవడమే.

‘పన్నుకు పురుగు పట్టింది’ అంటాం. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేనూ అన్నాను. పంటిలో పురుగు ఉంటుందని వేల ఏళ్లపాటు చాలా దేశాలవాళ్లు నమ్మారు. ఫ్రాన్స్ దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లో అచ్చువేసిన గ్రంథంలో, సూక్ష్మదర్శినితో వెతికినా తనకు ఆ పురుగు కనబడలేదని రాశాడు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థాలను ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ అమెరికా దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ 1890లో వివరించాడు. మన మాటలో మాత్రం పురుగు ఇంకా బతికే ఉంది. మాటే కదా అని వదిలేయలేను. పురుగు ఎక్కడినుంచో వచ్చి పడుతుంది, మన చేతిలో లేదు అనిపిస్తుంది. ఆమ్లం మనం తిన్న తీపిలోంచి తయారవుతుంది.

తిన్న కొద్ది నిమిషాలకే పంటిమీది పాచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ దాన్ని కొలిచే పీహెచ్ అంకె తగ్గుతుంది; అది సుమారు 5.5 కంటే కిందికి పడితే ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చే పని లాలాజలానిది. దానికి అరగంటనుంచి గంట వరకు పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నామన్నదొక్కటే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నదీ లెక్కే. ఒక మిఠాయిని భోజనంతో పాటు తిని ఊరుకున్న పిల్లవాడి కంటే, దాన్నే ముక్కలు చేసుకుని మధ్యాహ్నమంతా చప్పరించినవాడి పళ్లకే ఎక్కువ నష్టం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని పసిపిల్లలు నిద్రపోతే ముందుపళ్లు పుచ్చిపోయేది అందుకే. తీపి దగ్గు మందు తాగించి పడుకోబెట్టడమూ అలాంటిదే, అది మందు కదా అని మనకు తోచదు.

వెనక్కి తిప్పగలిగే దశ ఒకటుంది. పన్ను మీద సుద్దలాంటి తెల్లమచ్చ కనిపించినప్పుడు ఇంకా గుంట పడి ఉండదు. ఎనామెల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్ పూత వేసి, తీపి తినే సార్లు తగ్గించి, శుభ్రంగా తోమితే అది అక్కడే ఆగిపోవచ్చు. గుంట పడ్డాక మామూలుగా తొలిచి నింపాల్సి వస్తుంది, ఎనామెల్ మళ్లీ మొలవదు. ఇంకా ఆలస్యమైతే పుచ్చు నరాలూ రక్తనాళాలూ ఉండే మధ్యభాగానికి చేరుతుంది. అప్పుడు రూట్ కెనాల్, పైన తొడుగు. అదీ కుదరకపోతే పీకివేత.

నొప్పిని నమ్మి నేనూ మోసపోయాను. కొన్నేళ్ల క్రితం నా దవడపన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు. మాత్రలతో నెట్టుకొచ్చాను. ఒకరోజు నొప్పి దానంతటదే పోయింది. గండం గడిచిందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది. తర్వాత వేరు దగ్గర చీము పట్టి బుగ్గ ఉబ్బింది, పన్ను పోయింది. పంటినొప్పికి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి మింగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నరం చచ్చిన పంటిలోకి రక్తమే వెళ్లదు, ఇక మందెలా వెళ్తుంది?

మనవడి పన్ను సంగతికి వస్తాను. అది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే శాశ్వత దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కదా, ఇదీ పాలపన్నే, ఎలాగూ పోయేదే అని పెద్దలు వదిలేస్తారు. అన్నట్టు పాలపళ్లనూ అలా వదలకూడదు, వాటి కింద రాబోయే పళ్లు ఉంటాయి. శాశ్వత దంతాల్లో చాలామందికి మొదట వచ్చేదీ, ముందుగా పుచ్చే ప్రమాదం ఉన్నదీ ఈ పన్నే. దాని గాడుల్లోకి పళ్లు తోమే బ్రష్ సరిగా వెళ్లదు. వాటిని ముందే పూడ్చే సీలెంట్ పూత ఉంది, వేసేటప్పుడు సూది అక్కర్లేదు.

పాలపళ్ల పుచ్చు ప్రపంచంలో సుమారు 51 కోట్ల మంది పిల్లలకు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ఫ్లోరైడ్ టూత్‌పేస్టునూ, పుచ్చును ఆపే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్నీ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చిందీ ఆ సంస్థే. ఆ ద్రవం పూస్తే పుచ్చిన చోటు నల్లబడుతుంది, నిజమే. తొలిచే పని లేకుండా పుచ్చు ఆగితే ఆ నలుపును నేను భరిస్తాను.

బడిలో పరీక్ష పెట్టేవారిని నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక లైటు, చిన్న అద్దం, పన్ను తడి తుడవడానికి దూది ఉండాలి. తడి మీద తెల్లమచ్చ కనబడదు. నొప్పి గడి తీసేసి, పుచ్చిన పళ్లెన్ని, మచ్చపడినవెన్ని, ఆరేళ్ల దవడపన్ను వచ్చిందా అన్న గళ్లు పెట్టాలి. టూత్‌పేస్టు తయారీదారులూ ఫ్లోరైడ్ పాళ్లను కంటికి ఆనే అక్షరాల్లో అచ్చువేయాలి. కనీసం 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది.

మనవడి పన్ను నింపించాం, రెండోవైపు పన్నుకు సీలెంట్ వేయించాం. కొత్త గళ్లు గీసిన నమూనా కాగితం ఒకటి బడికి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు