“40 శాతం ఉంది” అని ఇకమీదట మా బిల్లు మీద రాయం

మన షాపులో వింటర్ టైర్లు కొన్నవాళ్లకీ, ఏటా నవంబరులో వచ్చి మార్పించుకునేవాళ్లకీ, టైరు ఇంకా ఎంత మిగిలిందో శాతాల్లో రాయడం గురించి ఒక మాట.

పోయిన జనవరిలో పొద్దున్నే ఒక పాత కస్టమర్ ఫోన్ చేశారు. ఇక్కడే, కెనడాలోని బ్రాంప్టన్‌లోనే ఉంటారు. వాళ్ల వీధి నుంచి మెయిన్ రోడ్డుకి చిన్న ఎత్తు ఎక్కాలి. రాత్రంతా స్నో పడింది, స్నో తోసే ప్లౌ బండి ఇంకా రాలేదు. బండి సగం దూరం ఎక్కి, చక్రాలు ఊరికే తిరిగి, వెనక్కి జారి కర్బ్‌ని గుద్దుకుంది. మనుషులకేం కాలేదు, రిమ్ము గీసుకుపోయింది. “అన్నా, 40 శాతం ఉంది, ఈ ఏడాదికి లాగేస్తాయి అన్నావు కదా” అన్నారు. అన్నాను. బిల్లు మీద నా చేతిరాతే.

ఆ 40 శాతం అబద్ధం కాదు. కానీ లెక్క తప్పు చోట మొదలైంది. కొత్త వింటర్ టైరు గాడి లోతు సుమారు 9 మిల్లీమీటర్లు అనుకోండి. గాడి అడుగున అడ్డంగా ఉండే అరుగుదల గుర్తులు 1.6 దగ్గర పైకి తేలతాయి. ఆయన టైర్లు నవంబరులో 4.5 ఉన్నాయి. 9 నుంచి 1.6 దాకా లెక్కేస్తే దాదాపు 40 శాతం మిగిలినట్టే. కానీ 4 మి.మీ. దాకా అరిగిన టైర్లని స్నో నిండిన రోడ్ల మీద వాడొద్దని ఇక్కడి రవాణా శాఖ, ట్రాన్స్‌పోర్ట్ కెనడా చెబుతోంది. అంటే 9 నుంచి 4 దాకా వేసే స్నో లెక్కలో ఆయనకి మిగిలింది అర మిల్లీమీటరు, 10 శాతం. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ టైరు తీగలు తేలేదాకా తిరుగుతుంది. ఆ కన్నుతోనే ఇక్కడా చూశాను.

స్నోలో టైరుకి పట్టు ఎలా వస్తుందో పిల్లలు స్నోబాల్ చేసేటప్పుడు చూడండి. నొక్కితే స్నోకి స్నో అతుక్కుంటుంది. లోతైన గాడి కూడా అంతే, స్నోని లోపలికి కూరుకుని, దాంతోనే రోడ్డు మీది స్నోని పట్టుకుంటుంది. గాడి అరిగితే కూరుకోవడానికి చోటుండదు. స్లష్‌లో ఇంకా ఘోరం, ఆ బురదనీళ్లు పక్కకి పోయే దారి లేక టైరు దాని మీద తేలుతుంది.

ఐస్ సంగతి వేరు. అక్కడ పని చేసేది చలికి గట్టిపడని రబ్బరూ, బ్లేడుతో కోసినట్టుండే సన్నటి కోతలూ. వాటిలో చాలా కోతలు గాడి అడుగుదాకా ఉండవు, అరిగేకొద్దీ మాయమవుతాయి. కొన్ని మోడళ్లలో ఆ ప్రత్యేకమైన రబ్బరు పై పొరలోనే ఉంటుంది, అది పోతే కింద మామూలు రబ్బరే.

మనల్ని మోసం చేసేది పొడి రోడ్డు. అరిగిన వింటర్ టైరు పొడి రోడ్డు మీద కొత్తదానికంటే బిగువుగా ఉంటుంది, ఎందుకంటే పొట్టి రబ్బరు దిమ్మలు తక్కువ ఊగుతాయి. డిసెంబరంతా “టైర్లు బాగానే ఉన్నాయే” అనిపించేది అందుకే. (మే దాకా వింటర్ టైర్లు విప్పనివాళ్లకి వేరే చెప్పాలి. ఎండకి ఆ మెత్తటి రబ్బరు ఎరేజర్‌లా అరుగుతుంది.)

ఇకనుంచి శాతాలు రాయం. నాలుగు టైర్లకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలిచి మిల్లీమీటర్లలో బిల్లు మీద రాస్తాం. నవంబరులో 5 కంటే తక్కువ ఉంటే ఈ చలికాలానికి చాలవని ముఖం మీదే చెప్తాం. ఆపైన మీ ఇష్టం. 6 పైన ఉండి, రబ్బరు గట్టిపడకుండా ఉంటే కొత్తవి కొనకండి, నేను అమ్మేవాణ్ణయినా సరే.

సెకండ్‌హ్యాండ్ టైర్ల విషయంలోనూ తప్పు నాదే. “సగం లైఫ్ ఉంది” అని 5 మి.మీ. సెట్లు కొన్ని అమ్మాను. పోయిన సీజన్‌లో అలా తీసుకున్నవాళ్లు కొత్తవి కొంటే, అప్పుడు కట్టిన డబ్బు మొత్తం తగ్గిస్తాను. అలాంటివి ఇంకో రెండు సెట్లు ర్యాక్‌లో ఉన్నాయి, రీసైక్లింగ్‌కి పంపేస్తున్నాను. మా ఆవిడ నన్ను ఒక చూపు చూసింది.

ఇంట్లోనే చూసుకోవాలంటే ఒక టూనీ (రెండు డాలర్ల నాణెం) గాడిలో నిలబెట్టండి. బయటి వెండి చుట్టు వెడల్పు సుమారు 5.6 మి.మీ. అది పూర్తిగా మునిగితే నిశ్చింతగా ఉండండి, కొంచెమైనా బయట కనిపిస్తే బండి తీసుకురండి, కొలుద్దాం. నోకియన్ కంపెనీ వింటర్ టైర్లయితే రోడ్డుకి తగిలే రబ్బరు మీదే స్నోఫ్లేక్ గుర్తు ఉంటుంది, అది 4 మి.మీ. దగ్గర చెరిగిపోతుంది.

కొలవడానికి డబ్బులూ వద్దు, అపాయింట్‌మెంటూ వద్దు, ఐదు నిమిషాల పని. మొదటి స్నో పడిన శనివారం పొద్దున మాత్రం రాకండి. ఆ రోజు నాకు టీ తాగడానికి కూడా కుదరదు.